చందనోత్సవం నుంచి గిరి ప్రదక్షిణ దాకా: విశాఖ పిల్లలకు ఫ్లూ టీకా ఎప్పుడు, ఎందుకు

విశాఖపట్నంలో పిల్లల ఆసుపత్రుల రద్దీకి కూడా ఒక పంచాంగం ఉంది. వైశాఖంలో, సింహాద్రి అప్పన్న చందనోత్సవం జరిగే రోజుల్లో, పిల్లల డాక్టర్ల వెయిటింగ్ హాళ్లు కాస్త పలచగా ఉంటాయి. ఆషాఢ పౌర్ణమికి, లక్షల మంది సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడిచే గిరి ప్రదక్షిణ నాటికి, పరిస్థితి మారిపోతుంది. అప్పటికి బడులు తెరిచి కొన్ని వారాలవుతుంది, వానలు పట్టుకుంటాయి. ఎంవీపీ కాలనీ అయినా గాజువాక అయినా, టోకెన్ తీసుకుని గంటల తరబడి కూర్చోవాలి. ఒళ్లో పిల్లాడి ఒళ్లు కాలిపోతుంటుంది.

ఫ్లూ టీకా సంగతి చాలామంది తల్లిదండ్రులకు గుర్తొచ్చేది ఆ కుర్చీలో కూర్చున్నప్పుడే. "ఏదో టీకా ఉందంట కదండీ, అది వేయించి ఉంటే ఈ జ్వరం రాకుండా ఉండేదా?" అని అడుగుతారు. ప్రశ్న మంచిదే, కానీ అడగాల్సిన నెల దాటిపోయింది. మన ఊళ్లో ఫ్లూ టీకా వేసవి సెలవుల్లో పూర్తిచేసుకోవాల్సిన పని. ఈ సంగతి తెలియకపోవడం వల్ల, డబ్బూ శ్రద్ధా ఉన్న ఇళ్లలో కూడా ఏటా చాలామంది పిల్లలకు టీకా ఆలస్యంగా పడుతోంది, లేదా అసలు పడడం లేదు.

లెక్క చాలా సులువు. పిల్లల వయసు 6 నెలలు నిండి 9 ఏళ్ల లోపు ఉండి, ఫ్లూ టీకా మొదటిసారి తీసుకుంటుంటే రెండు డోసులు కావాలి. రెండింటికీ మధ్య కనీసం 4 వారాలు ఉండాలి. రెండో డోసు పడ్డాక ఒంట్లో పూర్తి రక్షణ తయారవడానికి ఇంకో 2 వారాలు పడుతుంది. అంటే మొత్తం 6 వారాలు. ఆంధ్రప్రదేశ్‌లో బడులు మామూలుగా జూన్ 12న తెరుస్తారు. అక్కడి నుంచి వెనక్కి లెక్కపెడితే రెండో డోసు మే 29 నాటికి, మొదటి డోసు మే 1 నాటికి పడాలి. ఇంచుమించు చందనోత్సవం వచ్చే రోజులే అవి. ఇంతకుముందు ఏ ఏడాదైనా రెండు డోసులు తీసుకున్న పిల్లలకు, 9 ఏళ్లు నిండినవాళ్లకు ఒక్కటే సూది. వాళ్లకు మే నెలాఖరు చాలు.

చలికాలం జబ్బు కాదా?

ఫోన్లో వెతికితే "అక్టోబర్‌లో వేయించండి" అని వస్తుంది. ఆ మాట అమెరికా, యూరప్ పిల్లల కోసం రాసింది. అక్కడ ఫ్లూ డిసెంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య, మంచు కురిసే రోజుల్లో విజృంభిస్తుంది. మన దేశంలో శ్రీనగర్ లాంటి చోట్ల ఆ లెక్క సరిపోతుంది. దేశంలో ఎక్కువ భాగానికి ఫ్లూ వానలతో వస్తుంది, జూలై నుంచి సెప్టెంబర్ దాకా ఉధృతంగా ఉంటుంది. చెన్నైలో ఈశాన్య రుతుపవనాలతో అక్టోబర్, నవంబర్‌లలో పెరుగుతుంది. విశాఖ ఈ రెంటికీ మధ్య ఉంది. జూన్‌లో నైరుతి వానలు మొదలైతే, అక్టోబర్, నవంబర్‌లలో వాయుగుండాల దాకా ఏదో ఒక ముసురు ఉంటూనే ఉంటుంది. దీనికి తోడు జనవరి నుంచి మార్చి మధ్య దేశంలో చాలాచోట్ల చిన్నపాటి రెండో అల కనిపిస్తుంది. 2023 మార్చిలో పేపర్ల నిండా వచ్చిన హెచ్3ఎన్2 అనే ఫ్లూ రకం గోల అలాంటిదే.

ఇక్కడే ఒక చిక్కుముడి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు నిపుణులను కూర్చోబెట్టి రాబోయే సీజన్ టీకాలో ఏ వైరస్ రకాలు ఉండాలో సిఫార్సు చేస్తుంది. ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబర్‌లో దక్షిణార్ధగోళానికి. భూగోళం పటంలో మనం ఉత్తరార్ధగోళంలోనే ఉన్నాం. కానీ వానాకాలపు ఫ్లూకి సమయానికి అందేది దక్షిణార్ధగోళం టీకా. సెప్టెంబర్‌లో రకాలు తేలితే, తయారై మన షాపుల్లోకి వచ్చేసరికి వేసవి అవుతుంది. అందుకే డబ్బా మీద "దక్షిణార్ధగోళం" అని కనిపిస్తే "ఇది మన దేశానిది కాదేమో" అని కంగారు పడనక్కర్లేదు. వేసవిలో వేయించడానికి కావలసింది అదే. ఒకవేళ కొత్త స్టాకు ఇంకా రాలేదంటే, వారం పది రోజులు చూడొచ్చు. జూన్ ముంచుకొస్తుంటే మాత్రం గడువు తీరని, అప్పటికి దొరికే తాజా టీకా వేయించేయడమే మేలు. ఉత్తరార్ధగోళం, దక్షిణార్ధగోళం టీకాలు రెండింటిలోనూ వైరస్ రకాలు చాలా ఏళ్లు కొంతమేర ఒకటే ఉంటాయి.

కార్డులో "ఇన్‌ఫ్లుయెంజా" అని ఉంది కదా?

ఇది చదువుకున్న తల్లిదండ్రులు కూడా పడే పొరపాటు. పాపకు 6, 10, 14 వారాలకు సచివాలయం ఏఎన్‌ఎం వేసిన పెంటావాలెంట్ సూదిలో ఐదు జబ్బులకు రక్షణ ఉంటుంది. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్ బి, ఐదోది "హిబ్". హిబ్ పూర్తి పేరు హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా టైప్ బి. ఫ్లూ పూర్తి పేరు కూడా ఇన్‌ఫ్లుయెంజానే కాబట్టి, ఆ పేరు చూసి "మా పాపకు ఫ్లూ టీకా చిన్నప్పుడే అయిపోయింది" అనుకుంటారు.

హిబ్ వైరస్ కాదు, బ్యాక్టీరియా. దానికీ ఫ్లూకీ సంబంధం లేదు. పేరు అలా రావడం వెనక 130 ఏళ్ల నాటి పొరపాటు ఉంది. 1892లో రిచర్డ్ ఫైఫర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఫ్లూ రోగుల కఫంలో ఈ బ్యాక్టీరియాను చూసి, ఫ్లూకి ఇదే కారణమని అనుకున్నాడు. అసలు కారణం వైరస్ అని 1933లో మనుషుల నుంచి ఫ్లూ వైరస్‌ను వేరుచేశాక గట్టిగా రుజువైంది. బ్యాక్టీరియాకు పెట్టిన పేరు మాత్రం ఉండిపోయింది. ఆ పేరు వల్ల ఇప్పటికీ ఇళ్లలో తికమక జరుగుతోంది. హిబ్ టీకా చాలా అవసరమైనదే, అది న్యుమోనియా, మెదడు పొరల వాపు లాంటి పెద్ద జబ్బులను ఆపుతుంది. ఫ్లూని ఆపదు. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే సార్వత్రిక టీకాల పట్టికలో ఫ్లూ టీకా లేదు, కాబట్టి విడిగా అడిగి వేయించుకుంటే తప్ప కార్డులో ఉండదు.

డాక్టర్ టీకా తెప్పించినప్పుడు ఆ చిన్న డబ్బాను చేతిలోకి తీసుకుని ఒక్క నిమిషం చదవడం మంచిది. పక్కన చిన్న అక్షరాల్లో "ఎ/విక్టోరియా/4897/2022 హెచ్1ఎన్1" లాంటి వరస కనిపిస్తుంది. మొదటి అక్షరం వైరస్ జాతి, తర్వాత అది దొరికిన చోటు, నమూనా నంబరు, దొరికిన సంవత్సరం. అంటే ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో 2022లో ఒక రోగి నుంచి తీసిన నమూనాకు సరిపోయే రకం అన్నమాట. ఈ హెచ్1ఎన్1 మనకు కొత్తది కాదు. 2009లో స్వైన్ ఫ్లూ పేరుతో ప్రపంచాన్ని భయపెట్టిన వైరస్ సంతతే ఇది. మన దేశంలో దాని తొలి కేసు ఆ ఏడాది మే నెలలో హైదరాబాద్‌లో బయటపడింది. ఇప్పుడు అది మామూలు సీజనల్ ఫ్లూలో కలిసిపోయింది, ప్రతి ఏటా టీకాలో ఉంటోంది.

డబ్బా మీదే ఇంకో సందేహానికి జవాబు ఉంటుంది. కొన్నింటి మీద మూడు రకాలు, కొన్నింటి మీద నాలుగు రకాలు రాసి ఉంటాయి. నాలుగు ఉన్నది మంచిదని ఎక్కువ ధర పెట్టడానికి కూడా చాలామంది సిద్ధపడతారు. ఆ నాలుగోది బి జాతిలో యమగాటా అనే వంశం. 2020 మార్చి తర్వాత అది ప్రపంచంలో ఎక్కడా నిర్ధారణగా కనిపించలేదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు మూడు రకాలు చాలంటోంది. దొరికినది వేయించుకోవచ్చు, నాలుగు రకాలదే కావాలని ఊరంతా తిరగాల్సిన పని లేదు.

"వేయించినా జలుబు చేసిందండీ"

ఫ్లూ టీకా మీద నమ్మకం పోవడానికి అతి పెద్ద కారణం ఈ మాటే. మన వైపు ముక్కు కారితే రొంప, ఒళ్లు వెచ్చబడితే వైరల్ ఫీవర్. ఈ రెండు పేర్ల కింద పదుల రకాల వైరస్‌లు వస్తాయి, వాటిలో ఫ్లూ ఒకటి. టీకా ఆ ఒక్కదాని మీదే పనిచేస్తుంది. రొంప తెచ్చే రైనో వైరస్, కళ్లు ఎర్రబడి జ్వరం తెచ్చే అడినో వైరస్, పసిపిల్లలకు ఆయాసం తెచ్చే ఆర్‌ఎస్‌వీ దీనికి లొంగవు. వానాకాలంలో విశాఖను పట్టి పీడించే డెంగీ, మలేరియా సంగతి సరేసరి. చిన్నపిల్లలకు ఏడాదిలో ఐదారు సార్లు, ఇంకా ఎక్కువ సార్లు రొంప చేయడం మామూలే. టీకా వేయించిన ఏడాది కూడా అందులో చాలావరకు వచ్చి తీరతాయి.

ఫ్లూ తీరు కాస్త వేరు. పొద్దున బడికి పరిగెత్తుకుంటూ వెళ్లిన పిల్లవాడు సాయంత్రానికి వడలిపోతాడు. జ్వరం ఒక్కసారిగా 102, 103 డిగ్రీలకు ఎక్కుతుంది. కాళ్లు లాగుతున్నాయని ఏడుస్తాడు, తల నొప్పి, పొడి దగ్గు, కొందరికి వాంతులు. రొంప మెల్లగా వచ్చి ముక్కు దగ్గర ఆగితే, ఫ్లూ వచ్చిన రోజే మంచం పట్టిస్తుంది. అయినా లక్షణాలను బట్టి ఇదే ఫ్లూ అని ఇంట్లో తేల్చడం కష్టం. డెంగీ కూడా మొదటి రెండు రోజులు ఇలాగే ఉంటుంది.

మరి టీకా ఫ్లూనైనా పూర్తిగా ఆపుతుందా? ఆపదు. ఈ మాట దాచి టీకా వేయమంటే తర్వాత నమ్మకం పోతుంది, కాబట్టి ముందే చెప్పుకోవాలి. టీకాలో ఉన్న రకాలు, ఊళ్లో తిరిగే రకాలు బాగా కలిసిన ఏడాదుల్లో డాక్టర్ దాకా వెళ్లాల్సి వచ్చే ఫ్లూని అది 40 నుంచి 60 శాతం తగ్గిస్తుంది. ఈ శాతాన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. వందమందికి టీకా వేస్తే 50 మందికి ఫ్లూ వస్తుందని కాదు. ఒక బడిలో టీకా లేని వందమంది పిల్లల్లో 20 మందికి ఆ సీజన్‌లో ఫ్లూ వస్తుందని అనుకుందాం. అదే వందమందికీ 50 శాతం పనిచేసే టీకా వేసి ఉంటే 10 మందికి వస్తుంది. తట్టు టీకా స్థాయిలో లేదన్నది నిజం. కానీ టీకా పడ్డ పిల్లలకు ఫ్లూ వచ్చినా అది న్యుమోనియాగా మారడం, ఆసుపత్రిలో చేరాల్సి రావడం తగ్గుతుంది. తల్లిదండ్రులకు అసలు కావలసిన రక్షణ ఇదే. బడికి రెండు రోజులు సెలవు పెట్టించే జ్వరం గురించి ఇంత ఆలోచించక్కర్లేదు. ఐసీయూ దాకా తీసుకెళ్లే జ్వరం గురించి ఆలోచించాలి.

ఏటా ఎందుకన్న ప్రశ్నకు జవాబు రెండు ముక్కల్లో చెప్పొచ్చు. ఫ్లూ వైరస్ తన పైపొరను కొద్దికొద్దిగా మార్చుకుంటూ పోతుంది, నిరుడు ఒళ్లు గుర్తుపట్టిన వైరస్ ఈ ఏడాది కొత్తగా కనిపిస్తుంది. దానికి తోడు టీకా ఇచ్చిన రక్షణ కూడా నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. మొదటి ఏడాది రెండు డోసులు ఎందుకంటే, చిన్నపిల్లల ఒళ్లు ఫ్లూని ముందెప్పుడూ చూసి ఉండకపోవచ్చు. మొదటి సూది పరిచయం చేస్తుంది, రెండోది గట్టిపరుస్తుంది. ఒక్క డోసుతో ఆపేసిన పిల్లలకు రక్షణ అరకొరగానే ఉంటుంది. "ఒకటి వేయించాం కదా" అని రెండోదాన్ని మర్చిపోవడం మన ఇళ్లలో చాలా ఎక్కువ.

జ్వరం, గుడ్డు, ఫిట్స్

"జలుబుకి కూడా సూదేంటే? ఆరోగ్యంగా ఉన్న పిల్లకి జ్వరం తెప్పిస్తావా?" అని ఇంట్లో నాన్నమ్మ అంటే కోడలికి ఏం చెప్పాలో తోచదు. నాన్నమ్మ భయం అర్థం లేనిది కాదు. సూది వేసిన చోట నొప్పి, ఎరుపు, కాస్త చిరాకు, ఒకటి రెండు రోజులు ఒళ్లు వెచ్చబడటం కొందరు పిల్లల్లో జరుగుతుంది. కానీ అది ఫ్లూ కాదు. సూదిగా ఇచ్చే ఫ్లూ టీకాలో బతికున్న వైరస్ ఉండదు. చచ్చిన వైరస్ ముక్కలే ఉంటాయి, అవి ఒంట్లో పెరగలేవు. టీకా వేసిన వారంలోనే గట్టి జ్వరం వస్తే, చాలాసార్లు అప్పటికే అంటుకున్న ఇంకో వైరస్ కారణమై ఉంటుంది. వానాకాలంలో వేయించినప్పుడు ఇలా జరిగే అవకాశం ఎక్కువ. వేసవిలో వేయించడానికి ఇదీ ఒక కారణమే.

గుడ్డు అలర్జీ గురించి అడిగేవాళ్లు ఉంటారు, ఎందుకంటే చాలా ఫ్లూ టీకాలను కోడిగుడ్లలో వైరస్‌ను పెంచి తయారుచేస్తారు. అంగన్‌వాడీలో ఇచ్చే ఉడకబెట్టిన గుడ్డు తిని బాగానే ఉన్న పిల్లలకు ఈ ప్రశ్నే రాదు. నిజంగా గుడ్డు పడని పిల్లలకు కూడా ఫ్లూ టీకా వేయొచ్చని ఇప్పుడు వైద్యులు ఒప్పుకుంటున్నారు, డాక్టర్‌కు ముందే చెప్తే చాలు. గతంలో ఫ్లూ టీకాకే తీవ్రమైన అలర్జీ వచ్చి, ముఖం వాచి ఊపిరాడకపోయిన పిల్లలకు మాత్రం మళ్లీ వేయకూడదు. జ్వరం వస్తే ఫిట్స్ వచ్చే పిల్లల విషయంలో ఆ సంగతి డాక్టర్‌కు చెప్పి, అదే రోజు వేరే టీకాలు కలిపి వేయాలా వద్దా అన్నది తేల్చుకోవాలి. మామూలు రొంప, ముక్కు కారడం టీకా మానడానికి కారణాలు కావు. గట్టి జ్వరం ఉంటే తగ్గేదాకా ఆగాలి. నరాల బలహీనత తెచ్చే గిలియన్ బారీ అనే అరుదైన జబ్బు గురించి వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. ఫ్లూ టీకా వల్ల అది పెరిగితే పది లక్షల డోసులకు ఒకటో రెండో కేసులు. ఫ్లూ జబ్బు వచ్చినా అది రావచ్చు.

సగం సూది వేశారా, మొత్తం వేశారా అని కూడా కొందరు అనుమానపడతారు. ఒకప్పుడు 3 ఏళ్ల లోపు పిల్లలకు 0.25 మిల్లీలీటర్లే వేసేవారు. ఇప్పుడు చాలా బ్రాండ్లలో 6 నెలల నుంచే 0.5 మిల్లీలీటర్లు. బ్రాండును బట్టి ఉంటుంది, డబ్బా మీదే రాసి ఉంటుంది.

ముందు ఎవరికి?

భారత పిల్లల వైద్యుల సంఘం 6 నెలల నుంచి 5 ఏళ్ల దాకా పిల్లలందరికీ ఏటా ఫ్లూ టీకా వేయమంటోంది. ఐదేళ్లు దాటాక ప్రమాదం ఎక్కువ ఉన్నవాళ్లకు తప్పనిసరి. ఇన్‌హేలర్ వాడే ఉబ్బసం పిల్లలు, గుండెలో రంధ్రం ఉన్నవాళ్లు, కిడ్నీ జబ్బుతో స్టెరాయిడ్లు వాడేవాళ్లు, టైప్ 1 షుగర్ ఉన్నవాళ్లు, తలసీమియా పిల్లలు ఈ కోవలోకి వస్తారు. పాడేరు, అరకు వైపు గిరిజన కుటుంబాల్లో కనిపించే, ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే సికిల్ సెల్ జబ్బు పిల్లలు ముఖ్యంగా. విశాఖలోని ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి వైద్యం కోసం అంత దూరం నుంచి వచ్చే ఆ తల్లిదండ్రులకు ఎవరైనా ఫ్లూ టీకా గురించి చెప్పాలి. వాళ్లకు ఫోన్లో వెతికే వీలు ఉండదు, ఒక ఫ్లూ జ్వరం ఆ పిల్లల్లో ఊపిరితిత్తుల దాకా వెళ్తే చాలా ప్రమాదం.

ఆరు నెలల లోపు పసిబిడ్డలకు ఫ్లూ టీకా లేదు. ఫ్లూ వస్తే ఎక్కువ ఇబ్బంది పడేదీ వాళ్లే. వాళ్లకు రక్షణ అమ్మ నుంచే రావాలి. గర్భిణి ఏ నెలలో ఉన్నా ఫ్లూ టీకా తీసుకోవచ్చు. ఆమె ఒంట్లో తయారైన రక్షణ బిడ్డకు వెళ్తుంది, పుట్టిన మొదటి నెలలు కాపాడుతుంది. సీమంతానికి ఎంత ఖర్చుపెట్టినా వెనకాడని ఇళ్లలో ఈ ఒక్క సూది గురించి తెలియకపోవడం బాధగా ఉంటుంది.

ఐదేళ్లు దాటిన ఆరోగ్యవంతమైన పిల్లల సంగతి ఇంటిని బట్టి తేల్చుకోవాలి. ఫ్లూని ఇంటికి మోసుకొచ్చేది ఎక్కువగా బడి పిల్లలే. పెద్దవాళ్లకంటే ఎక్కువ రోజులు వైరస్‌ను వదులుతుంటారు. జపాన్‌లో 1962 నుంచి బడి పిల్లలకు పెద్ద ఎత్తున ఫ్లూ టీకాలు వేశారు, 1994లో ఆ కార్యక్రమం ఆగిపోయింది. అది నడిచిన కాలంలో మరణాల లెక్కలు చూసిన పరిశోధకులు ఏడాదికి 37,000 నుంచి 49,000 దాకా మరణాలు తప్పాయని 2001లో అంచనా వేశారు. బతికినవాళ్లలో ఎక్కువమంది ముసలివాళ్లు. ఇంట్లో షుగరో బీపీయో ఉన్న తాతయ్య, కొత్తగా పుట్టిన చెల్లి ఉంటే, ఏడేళ్ల అన్నకు టీకా వేయించడంలో అర్థం ఉంది. తాతయ్యకు కూడా వేయించాలనుకోండి.

డబ్బు మాట తప్పించుకోలేం. బ్రాండును బట్టి ఒక డోసు సుమారు 1,500 నుంచి 2,500 రూపాయలు. ఇద్దరు చిన్నపిల్లలున్న ఇంట్లో మొదటి ఏడాది నాలుగు డోసులు, అంటే 6,000 నుంచి 10,000 దాకా. ఆటోనగర్‌లో నెల జీతం మీద బతికే కుటుంబానికి అది పెద్ద మొత్తం. ఉబ్బసం, సికిల్ సెల్ లాంటి జబ్బులున్న పిల్లలకైనా, గర్భిణులకైనా ప్రభుత్వం ఈ టీకా ఉచితంగా ఇవ్వాలి. అప్పటిదాకా అందరికీ వేయించలేని ఇంట్లో ముందుగా గర్భిణికి, తర్వాత జబ్బున్న పిల్లకు, ఆ తర్వాత రెండేళ్ల లోపు పిల్లకు వేయించడం తెలివైన క్రమం. ఉచిత టీకాలు ఒక్కటి కూడా వదలకూడదు. 2021లో దేశమంతటా ఉచిత పట్టికలో చేర్చిన న్యుమోకోకల్ టీకా, ఫ్లూ తర్వాత వచ్చే న్యుమోనియాల్లో ఒక పెద్ద భాగాన్ని ఆపుతుంది.

అంత డబ్బు పెట్టి కొన్న టీకా చెడిపోకుండా చూసుకోవడం కూడా ముఖ్యం. ఫ్లూ టీకాను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. కొన్ని క్లినిక్‌లు చీటీ రాసి మెడికల్ షాపు నుంచి తెమ్మంటాయి. షాపువాళ్లు పాలిథీన్ కవర్లో రెండు ఐసు గడ్డలు వేసి ఇస్తారు, అది పట్టుకుని మే నెల ఎండలో స్కూటర్ మీద వెళ్తారు. ఎండ వేడి ఎంత చెరుపో, ఐసుకు నేరుగా తగిలి గడ్డకట్టడం కూడా అంతే చెరుపు. గడ్డకట్టి కరిగిన టీకా చూడటానికి మామూలుగానే ఉంటుంది, పనిచేయదు. టీకా డబ్బాను గుడ్డలో చుట్టి, ఐస్ ప్యాక్ నేరుగా తగలకుండా మూత ఉన్న డబ్బాలో పెట్టి, దారిలో ఎక్కడా ఆగకుండా తీసుకెళ్లాలి. ఇంటి ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు వెళ్దామనుకోవడం, అందులోనూ ఫ్రీజర్లో పెట్టడం, టీకాను పారేసినట్టే. క్లినిక్‌లోనే నిల్వ ఉంచే డాక్టర్ దగ్గరికి వెళ్లగలిగితే అంతకంటే మంచిది లేదు.

టీకా ఉన్నా లేకున్నా, జ్వరం వచ్చిన రాత్రి

ఫ్లూకి ఒసెల్టామివిర్ అనే మందు ఉంది. లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది, డాక్టర్ రాస్తేనే వాడాలి. కాబట్టి రెండేళ్ల లోపు పిల్లలకు, ఉబ్బసం లాంటి జబ్బులున్నవాళ్లకు జ్వరం వస్తే మూడు రోజులు చూద్దామని ఇంట్లో ఉంచకూడదు. యాంటీబయాటిక్ ఫ్లూ మీద పనిచేయదు, పోయినసారి మిగిలిన సిరప్‌ను మళ్లీ పోయడం వల్ల నష్టమే తప్ప లాభం లేదు. ఆస్పిరిన్ పిల్లలకు అస్సలు ఇవ్వకూడదు. ఫ్లూ ఉన్న పిల్లల్లో అది కాలేయాన్ని, మెదడును దెబ్బతీసే రేయ్ సిండ్రోమ్‌కి దారితీయొచ్చు.

తల్లి ఇంట్లోనే చేయగలిగిన ఒక పరీక్ష ఉంది. దానికి పరికరాలేమీ అక్కర్లేదు. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు, నిద్రపోతుంటే ఇంకా మంచిది, చొక్కా పైకెత్తి పొట్ట కదలికను చూస్తూ ఫోన్లో గడియారం పెట్టుకుని పూర్తిగా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టాలి. 2 నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు నిమిషానికి 50 లేదా అంతకంటే ఎక్కువ, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లకు 40 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ఊపిరితిత్తుల్లో ఇబ్బంది ఉందని అర్థం. డొక్కలు ఎగరేస్తున్నా, పెదాలు నీలంగా మారినా, పాలు తాగకపోయినా, లేపినా మగతగా ఉన్నా తెల్లవారేదాకా ఆగకూడదు. అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లాలి.

జ్వరం తగ్గించే మందు లేకుండా ఒక రోజంతా జ్వరం రాకపోతేనే బడికి పంపాలి. హాజరు పోతుందని, పరీక్ష ఉందని మందు పోసి పంపితే మధ్యాహ్నానికి జ్వరం తిరగబెడుతుంది, పక్క బెంచీ పిల్లలకూ అంటుకుంటుంది.

ఇక మిగిలింది, జూలైలోనో ఆగస్టులోనో ఆ వెయిటింగ్ హాల్లో కూర్చున్న తల్లి అడిగే ప్రశ్న. "ఇప్పుడు వేయిస్తే ఇంకేం లాభం?" లాభం ఉంది. మన వానలు ఆగస్టుతో ఆగిపోవు. హుద్‌హుద్ తుపాను విశాఖను ఊపేసింది 2014 అక్టోబర్ 12న. వానల వెనకే జనవరి నుంచి మార్చి దాకా వచ్చే అల ఒకటి ఉంటుంది. పిల్లకు జ్వరం పూర్తిగా తగ్గాక, ఒకసారి ఫ్లూ వచ్చిపోయినా సరే, టీకాలో ఉన్న మిగతా రకాల నుంచి రక్షణ కోసం వేయించొచ్చు. రెండో డోసు తేదీని అక్కడే కార్డు మీద రాయించుకోవాలి, బ్రాండు పేరు, బ్యాచ్ నంబరుతో సహా. ఆ కింద వచ్చే ఏడాది చందనోత్సవం తేదీ కూడా రాసి పెట్టుకుంటే మళ్లీ ఆలస్యం కాదు.